నోరు మెదపకూడని పంచాయితీ

పోయినవారం ప్రిస్సిల్లాని మనం తలుపు దగ్గర వదిలేశాం. చంకలో ఎవాన్, కన్ను పీప్‌హోల్‌కి ఆనించి, గడియ తియ్యాలా వద్దా అని తేల్చుకోలేక నిలబడి ఉంది. అవతల ఉన్నది మల్లికార్జునరావు. ఆఫీసులో ఆమెకి మేనేజరు. ఈమధ్యే ఆమె ఎవరి మీద హెచ్.ఆర్.లో కంప్లైంట్ పెట్టిందో ఆ మనిషే, ఆదివారం మధ్యాహ్నం, ఆపిల్ పళ్ళ సంచీతో గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యాడు.

ఇప్పుడే మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. శాంటా క్లారాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రిస్సిల్లా టెస్టింగ్ ఇంజనీరు. వాళ్ళ టీమ్ లీడ్ వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతే, కడుపుతో ఉండి కూడా ఆ పనంతా తన నెత్తినే వేసుకుంది. ఎవాన్ నెలలు నిండకుండా పుట్టాడు. కొన్నాళ్ళు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉండి, దేవుడి దయవల్ల బయటపడి, ఇప్పుడు గుండ్రాయిలా ఉన్నాడు. ఆమె తిరిగి డ్యూటీలో చేరిన కొన్నాళ్ళకే లీడ్ పోస్టు నిశాంత్‌కి వెళ్ళిపోయింది. ఆ నిశాంత్‌కి పని నేర్పిందే ఆమె. ఎందుకు సార్ ఇలా చేశారని అడిగితే, లంచ్ టేబుల్ దగ్గర నలుగురి ముందూ మల్లికార్జునరావు ఎంతో ఆప్యాయంగా, "చంటిపిల్లాడి తల్లివి, నీకెందుకమ్మా ఈ బరువు?" అన్నాడు.

ఆ కంపెనీలో ఏటా అందరూ కంప్యూటర్ ముందు కూర్చుని వివక్ష గురించి ఒక పాఠం చదివి పరీక్ష రాయాలి. ఆ పాఠంలో ఒక మేనేజరు తన కింద పనిచేసే ఆవిడతో అచ్చంగా ఇలాంటి మాటే అంటాడు. ఇది తప్పా, ఒప్పా అని ప్రశ్న. ప్రిస్సిల్లా తప్పు అని పెట్టింది. మల్లికార్జునరావు కూడా తప్పు అనే పెట్టాడు, నూటికి నూరు తెచ్చుకున్నాడు కూడా. పాఠంలో మేనేజరు తనేనని ఆయనకి తట్టలేదు, మనలో మాత్రం ఎవరికి తడుతుంది లెండి. ఆ పరీక్షలో ఆఖరి ప్రశ్న ఇంకొకటుంది. తెలిసి తెలిసి తప్పుడు కంప్లైంట్ పెట్టినవాళ్ళకి ఏమవుతుందని. ఉద్యోగం పోతుందని ఇద్దరూ సరిగ్గానే రాశారు.

రెండువేల తొమ్మిదో సంవత్సరమది. ఉద్యోగాలు ఊడుతున్న కాలం, ఎవరి ఆఫీసు బ్యాడ్జి ఏ రోజు పనిచేయడం మానేస్తుందో తెలియని రోజులు. ప్రిస్సిల్లా హెచ్-వన్ వీసా మీద ఉంది, గ్రీన్‌కార్డు కూడా ఆ కంపెనీ పేరు మీదే నడుస్తోంది, ఉద్యోగం పోతే రెండూ పోతాయి. భర్త సామ్యూల్‌ది కాంట్రాక్ట్ ఉద్యోగం. అయినా సరే, ఆ లంచ్ టేబుల్ మాట గొంతులో ముల్లులా దిగిపోయి, హెచ్.ఆర్.లో లిండా దగ్గరికి వెళ్ళి చెప్పేసింది. లిండా అంతా విని, "విచారణ పూర్తయ్యేదాకా దీని గురించి ఎవరితోనూ మాట్లాడకండి. మాట్లాడితే మీ కేసే పాడవుతుంది" అని మరీ మరీ చెప్పింది. ఇంట్లో సామ్యూల్‌కి ఒక్కడికే ఆమె ఆ సంగతి చెప్పింది. అతను సరేననలేదు, కాదనలేదు. ఆ పూట అన్నం తినకుండా పడుకున్నాడు.

ఇక తలుపు దగ్గరికి వద్దాం.

"ఎవరే? తలుపు తియ్యవేం?" అంటూ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది ప్రిస్సిల్లా తల్లి వసంతకుమారి. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మనవణ్ణి చూసుకోవడానికి వచ్చింది. గుమ్మంలో మనిషిని ఎక్కువసేపు నిలబెట్టడం ఆవిడ దృష్టిలో మహాపాపం. కూతుర్ని పక్కకి జరిపి గడియ తీసేసింది.

మల్లికార్జునరావు ఒక్కడే రాలేదు. వెనకాల రాజారావు కూడా ఉన్నాడు. అది చూడగానే ప్రిస్సిల్లా రెండడుగులు వెనక్కి వేసింది. రాజారావు వాళ్ళ తెలుగు చర్చిలో పెద్ద. సామ్యూల్ ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకెళ్ళి, ఉద్యోగం దొరికేదాకా ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. ఆయనా, మల్లికార్జునరావూ ఒకప్పుడు ఒకే ఆఫీసులో పనిచేసినవాళ్ళు. మనవాళ్ళు సముద్రాలు దాటేటప్పుడు పచ్చళ్ళ సీసాలు మర్చిపోతారేమో గానీ పంచాయితీని మాత్రం మర్చిపోరు. భద్రంగా సర్దుకుని వెంట తెచ్చుకుంటారు.

"బాగున్నావామ్మా?" అన్నాడు మల్లికార్జునరావు.

"బాగున్నాం సార్" అంది ప్రిస్సిల్లా. ఎవరేమడిగినా ముందు బాగున్నాం, ఫర్వాలేదు అనేయడం ఆమెకి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. పురిటినొప్పులు మొదలైనప్పుడు కూడా నర్సుతో ఫైన్ అనే చెప్పింది. ఆ జబ్బుకి మందు లేదు.

సామ్యూల్ లోపలి గదిలోంచి వచ్చాడు. వచ్చినవాళ్ళని చూసి ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి ప్రిస్సిల్లా అప్పుడు గమనించలేదు, తర్వాత గుర్తొచ్చింది.

సోఫాలో పెద్దలిద్దరూ కూర్చున్నారు. సామ్యూల్ డైనింగ్ టేబుల్ కుర్చీ తెచ్చుకున్నాడు. వసంతకుమారి గోడకి ఆనుకుని నిలబడింది. ప్రిస్సిల్లాకి కూర్చోడానికి చోటు లేక కాదు, కూర్చోబుద్ధి కాక పిల్లాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. రాజారావు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు, ఈ ఇంట శాంతి సమాధానాలు ఉండాలని. మల్లికార్జునరావు కూడా మర్యాదకి తల వంచి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత రాజారావు గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా ప్రిస్సిల్లా. మల్లికార్జునరావు గారు మొన్న నాకు ఫోన్ చేసి చాలా బాధపడ్డారు. నీకూ ఆయనకీ మధ్య ఏదో మిస్‌అండర్‌స్టాండింగ్ వచ్చిందంట కదా. మనలో మనకి ఇదంతా ఎందుకు? కూర్చుని మాట్లాడుకుంటే పోయేదానికి."

"అంకుల్, దీని గురించి మాట్లాడకూడదు" అంది ప్రిస్సిల్లా. "హెచ్.ఆర్. వాళ్ళు చెప్పారు. సార్‌కి కూడా చెప్పే ఉంటారు."

"చెప్పారమ్మా, నాకూ చెప్పారు" అన్నాడు మల్లికార్జునరావు. ఆయన మొహంలో కపటం వెతికినా దొరకదు. "ఆఫీసులో ఈ విషయం ఎత్తొద్దు, ఆ అమ్మాయిని ఏ రకంగానూ ఇబ్బంది పెట్టొద్దు అన్నారు. అందుకే కదా ఇంటికొచ్చాను. ఆఫీసులో ఒక్క ముక్క ఎత్తానా నీ దగ్గర?"

ఎత్తలేదు. నిజమే. ప్రిస్సిల్లాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాట్లాడొద్దని లిండా అన్నదానికి ఎక్కడా మాట్లాడొద్దని అర్థం. ఈయనకి అది ఆఫీసు నాలుగు గోడల వరకే. ఇల్లు వేరు. ఇంట్లో మాట్లాడుకుంటే అది మాట్లాడినట్టే కాదు, మంచీ చెడూ చెప్పుకోవడం.

"నేనేం తప్పు చేశానమ్మా?" అన్నాడాయన. "బాబు హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ మా ఆవిడ క్యారేజీ పంపింది. నువ్వు అడక్కుండానే వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చాను. నా కూతురికైనా ఇదే చేస్తాను కదా. సాఫ్ట్‌వేర్ రిలీజ్ టైమంటే నీకు తెలియనిదా? ఇండియా టీమ్‌తో కాల్స్, పొద్దూ మాపూ ఉండదు. నీ ఆరోగ్యం చూసే కదా నిశాంత్‌కి ఇచ్చింది. దానికి నా మీద డిస్క్రిమినేషన్ అని కంప్లైంటా? ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అంత మాట అనలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం నీళ్ళే. అదే ప్రిస్సిల్లాకి వచ్చిన చిక్కు. ఎదుటివాడు దుర్మార్గుడైతే పోట్లాడొచ్చు. ఈయన తను చేసింది సాయమనే నమ్ముతున్నాడు. మీరు నన్ను అడగలేదు సార్, ఒక్కసారి అడిగి ఉంటే చేస్తాననే చెప్పేదాన్ని, అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే మాట్లాడినట్టవుతుంది. మాట్లాడితే కేసు పాడవుతుంది. పిల్లాడి వీపు మీద చెయ్యి ఆగకుండా జోకొడుతోంది.

"చెప్పమ్మా" అన్నాడు రాజారావు. "నీ మనసులో ఏముందో చెప్పు. రెండువైపులా వినాలి కదా."

"నేను చెప్పకూడదంకుల్."

"చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?"

ఇదీ ఆమె పరిస్థితి. లిండా పెట్టిన రూల్ ప్రకారం నోరు మెదపకూడదు. ఆ సోఫా దగ్గర నడిచే రూల్ ప్రకారం నోరు మెదపనివాళ్ళ దగ్గర చెప్పడానికి ఏమీ లేనట్టు. ఆమె సామ్యూల్ వైపు చూసింది. నువ్వైనా చెప్పు అని. సామ్యూల్ కార్పెట్ మీద పడిన పాల మరకని చూస్తున్నాడు. ఆ మరక నెల రోజుల నుంచీ అక్కడే ఉంది. ఇవాళే దానిమీద ఇంత శ్రద్ధ పుట్టింది.

వసంతకుమారి ఇక భరించలేకపోయింది. గోడ దగ్గర నుంచి రెండడుగులు ముందుకొచ్చి చేతులు జోడించింది.

"క్షమించండి సార్. చిన్నది, తెలియక చేసింది. బాలింత ఒళ్ళు, మనసు కుదురుగా లేక ఏదో అని ఉంటది. మీరు పెద్ద మనసు చేసుకోండి. తండ్రిలాంటివారు. ఆ కంప్లైంటేదో అది వెనక్కి తీసేసుకుంటది."

"అమ్మా!" అంది ప్రిస్సిల్లా.

"నువ్వుండు. పెద్దవాళ్ళు ఇంటికొచ్చి అడుగుతుంటే ఏంటా బిగుసుకుపోవడం?"

"అయ్యో, మీరు నాకు దణ్ణం పెట్టడమేంటండీ, తప్పు" అన్నాడు మల్లికార్జునరావు, సోఫాలోంచి సగం లేచి. "నాకు అమ్మాయి మీద కోపం లేదు. కానీ అంతా నా ఒక్కడి మీదకే వచ్చేస్తే ఎలా చెప్పండి? అసలు ఇదంతా నా అంతట నేను అనుకుని చేసిందా..."

ఆయన తల సామ్యూల్ వైపు తిరుగుతోంది.

"సార్, మజ్జిగ తీసుకుంటారా?" అన్నాడు సామ్యూల్, కుర్చీలోంచి గబుక్కున లేచి. "అత్తయ్యా, భోజనం రెడీయేనా? ఎండనపడి వచ్చారు, అన్నం పెట్టేద్దాం."

మార్చి నెలలో శాంటా క్లారాలో ఎండేమిటో ఆ దేవుడికే తెలియాలి. బయట సన్నగా వాన పడుతోంది. కానీ భోజనం మాట వినగానే వసంతకుమారి వంటింట్లోకి పరిగెత్తింది, మల్లికార్జునరావు మాట గాలిలోనే ఆగిపోయింది, రాజారావు రెండు అరచేతులూ రుద్దుకుని, "అయితే అయిపోయినట్టే. ఇంకెవరూ మనసులో పెట్టుకోకండి" అని తీర్పు చెప్పేశాడు. ప్రిస్సిల్లా ఒక్క ముక్క మాట్లాడకుండానే ఆమె వ్యవహారం తేలిపోయింది. నేను ఒప్పుకోలేదు అని గట్టిగా అరవాలనిపించింది. ఎవాన్ అప్పుడే కళ్ళు మూశాడు. అరవలేదు.

మల్లికార్జునరావు శాకాహారి. కోడికూర గిన్నె మర్యాదగా అవతలకి జరిపి, పప్పూ వంకాయకూరా వేసుకుని కడుపునిండా తిన్నాడు. వంకాయకూర మా అమ్మ చేతి కూరలా ఉందని రెండుసార్లు మెచ్చుకున్నాడు. వసంతకుమారి మొహం చూడాలి అప్పుడు. ఆవిడ పుట్టిన ఊళ్ళో ఇలాంటివారు వాళ్ళ వీధి మలుపు కూడా తిరిగేవారు కాదు. ఎప్పుడో ఒక్కసారి పనిబడి వాళ్ళింటికి వచ్చిన ఒక పెద్దమనిషి బయట అరుగు మీదే కూర్చుని షాపులోంచి తెప్పించిన సోడా తాగి వెళ్ళడం ఆవిడ చిన్నప్పుడు చూసింది. ఇవాళ అలాంటి మనిషి ఆవిడ వండిన అన్నం మారు వడ్డించుకుని తింటున్నాడు. కూతురి లీడ్ పోస్టు ఆవిడకి ఎక్కడ గుర్తుంటుంది? ప్రిస్సిల్లాకి తల్లి మీద కోపం వచ్చింది. వెంటనే జాలి వేసింది. జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

వెళ్ళేటప్పుడు వాళ్ళని కారెక్కించి వస్తానని సామ్యూల్ కిందికి దిగాడు. చాలాసేపు రాలేదు. పొయ్యి మీద పెట్టిన టీ కాగి, చల్లారి, మళ్ళీ కాగింది.

"ఇంతసేపేంటి?" అంది ప్రిస్సిల్లా, అతను పైకి వచ్చాక.

"పార్కింగ్‌లో ఎవడో వెనకాల కార్ బ్లాక్ చేశాడు" అన్నాడు సామ్యూల్. చొక్కా చేతులు మడిచి, ఎవరూ అడక్కుండానే సింకులో గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. ప్రిస్సిల్లా వెనకాల నిలబడి, "నేను ఒప్పుకోలేదు సామ్. రేపు వెళ్ళి లిండాకి జరిగింది చెప్పేస్తాను. సార్ ఇంటికి వచ్చారని, నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదని" అంది. సామ్యూల్ చేతిలో గిన్నె జారి సింకులో పడింది. తిరిగి చూడలేదు. "రేపటి సంగతి రేపు చూద్దాంలే" అన్నాడు.

మర్నాడు ఆమె వెళ్ళేలోపే లిండా నుంచి కబురొచ్చింది. అద్దాల గోడలున్న చిన్న గది. టేబుల్ మీద టిష్యూ డబ్బా, డెస్క్ ఫోన్, లాప్‌టాప్. లిండా ఇంగ్లీషులోనే మాట్లాడింది, మన సౌకర్యం కోసం నేను తెలుగులో రాస్తున్నాను.

"ప్రిస్సిల్లా, నిన్న మీ మేనేజరు మీ ఇంటికి వచ్చారా?"

"వచ్చారు. నేను పిలవలేదు. నేనేమీ మాట్లాడలేదు. మీరు చెప్పినట్టే..." గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతోంది ప్రిస్సిల్లా. రాత్రంతా అనుకుని పెట్టుకున్న మాటలు. లిండా చెయ్యెత్తి నెమ్మదిగా ఆపింది.

"నిన్న మధ్యాహ్నం నా వాయిస్‌మెయిల్‌కి ఒక మెసేజ్ వచ్చింది. మీరు వినాలి."

ఫోన్ మీద బటన్ నొక్కింది. ముందు వాన చప్పుడు, కారు తలుపు మూసిన చప్పుడు. తర్వాత మల్లికార్జునరావు గొంతు. పెద్దల సమక్షంలో అంతా సామరస్యంగా పరిష్కారమైందని, అందరూ కలిసి భోజనం చేశామని, ఎంతో సంతోషంగా చెబుతున్నాడు. ఆయనకి అది దాచవలసిన విషయమనే తోచలేదు. ఆమె భర్త కూడా ఇక్కడే ఉన్నారు, మాట్లాడతారు అన్నాడు. ఫోన్ చేతులు మారింది.

"హలో మేడమ్. నేను ప్రిస్సిల్లా భర్తని."

ఆమెకి తెలిసిన గొంతే. బ్యాంకు వాళ్ళతో, ఇన్సూరెన్సు వాళ్ళతో మాట్లాడేటప్పుడు సామ్యూల్ వాడే జాగ్రత్త గొంతు.

"ఇందులో మల్లికార్జునరావు గారి తప్పేమీ లేదు మేడమ్. దయచేసి ఆయన మీద యాక్షన్ తీసుకోకండి. జనవరిలో నేనే ఆయన దగ్గరికి వెళ్ళి రిక్వెస్ట్ చేశాను. బాబు నెలలు నిండకుండా పుట్టింది ఆ ప్రెషర్ వల్లేనని నా భయం. నా భార్య వద్దన్నా వినదు. అందుకే ఆ పోస్టు తనకి ఇవ్వొద్దని నేనే అడిగాను. తనకి కూడా ఇది ఓకే. థాంక్యూ మేడమ్."

బీప్ మని ఆగిపోయింది.

ప్రిస్సిల్లా ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. జనవరిలో. ఆమె తిరిగి డ్యూటీలో చేరిన కొత్తలో. రోజూ పొద్దున్నే లంచ్ బాక్స్ కట్టి ఇచ్చి, ఈసారి లీడ్ నీకే వస్తుంది చూడు అని నవ్వుతూ పంపిన మనిషి. పోస్టు నిశాంత్‌కి వెళ్ళిందని ఆమె ఏడిస్తే ఒళ్ళో తల పెట్టుకుని ఓదార్చిన మనిషి. మేనేజరు నా అంతట నేను అనుకుని చేసిందా అంటుంటే మజ్జిగ అన్న మనిషి. ఆమెకి ఏడుపు కూడా రాలేదు.

"నేను అడగక తప్పదు" అంది లిండా, లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంటూ. "మీ భర్త అడిగినందుకు మీ ప్రమోషన్ ఆపేశారు. ఆ సంగతి మీకు తెలియకపోతే అది చాలా సీరియస్. ఇవాళే పైవాళ్ళకి పంపిస్తాను. మీ మేనేజరుని పిలుస్తారు, బహుశా మీ భర్తతో కూడా మాట్లాడాల్సి వస్తుంది. మీకు తెలిసి, మీరు ఒప్పుకునే జరిగి ఉంటే అది వేరే సంగతి. ఈ విషయం మీకు ముందే తెలుసా, తెలియదా?"

తెలియదు. నాలుగక్షరాల మాట. అది అనేస్తే చాలు, పోస్టు తిరిగి రావచ్చు. కానీ ఆ తర్వాత? ఇదే కుర్చీలో సామ్యూల్ కూర్చుంటాడు, ఇదే టిష్యూ డబ్బా ముందు. నా భార్యకి చెప్పకుండా ఆమె వెనకాల వెళ్ళానని పరాయివాళ్ళకి చెప్పుకుంటాడు. రాజారావు అంకుల్‌కి తెలుస్తుంది. చర్చిలో తెలుస్తుంది. నిన్న చేతులు జోడించిన అమ్మకి తెలుస్తుంది. నా మొగుడు నన్ను మోసం చేశాడు అని మొట్టమొదట ఈ అద్దాల గదిలో, ఈ లిండాకి చెప్పాలి.

అద్దం అవతల నుంచి మల్లికార్జునరావు కాఫీ కప్పుతో వెళుతున్నాడు. ఆమెని చూసి ఆగాడు. గొడవ తీరిపోయిన ఇంటి పెద్దలా, కడుపునిండిన నవ్వు నవ్వి చెయ్యెత్తాడు.

"ప్రిస్సిల్లా? తెలుసా?"

పురిటినొప్పుల్లో నర్సుకి ఫైన్ అని చెప్పిన నోరే అది. ఆమె ఆలోచన తెమిలేలోపే అది తెరుచుకుంది.

"తెలుసు" అంది.

కీబోర్డు మీద లిండా వేళ్ళు ఆగిపోయాయి. తల ఎత్తి ప్రిస్సిల్లాని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అన్నీ తెలిసే ఈ కంప్లైంట్ పెట్టారా?"

అప్పుడు గుర్తొచ్చింది ప్రిస్సిల్లాకి, ఆ వివక్ష పరీక్షలో ఆఖరి ప్రశ్న, దానికి తను రాసిన జవాబు.